తాళం వేసిన ప్రతి తలుపు మీదా

ఇళ్ల శాఖ గుమాస్తాని ఆఫీసులో అందరూ మొదట్లో చాటుగా 'హడావిడి' అనేవారు. తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. అది గమనించే తీరిక ఆయనకి లేకపోయింది. కొంపలంటుకున్నట్టు ఆఫీసుకి వచ్చేవాడు, కొంపలంటుకున్నట్టు ఇంటికి పోయేవాడు. మధ్యలో కూర్చున్నచోట కూర్చోకుండా తిరిగేవాడు. ఇంత తిరిగినా ఆయన బల్ల మీది ఫైళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉండేవి.

ఆ రోజు పొద్దున ఆయన అనుకున్న పని నిజానికి చాలా చిన్నది. మిల్లు మూతపడ్డాక మిల్లు వీధిలో సగంమంది ఊరు వదిలిపోయారు. వాళ్లు వదిలేసిన ఇళ్లు ఆఫీసు చేతికొచ్చి, పైకప్పులు కారుతూ పడి ఉన్నాయి. వాటిని బాగుచేసి ఇల్లు లేనివాళ్లకి ఇస్తే వీధి మళ్లీ లేచి నిలబడుతుందనీ, అందుకు డబ్బు తనిస్తాననీ ప్రభుత్వం ముందుకొచ్చింది. ఒకటే షరతు. పెద్దాఫీసరు వచ్చి ఖాళీ ఇళ్లను కళ్లారా చూడాలి. ఆయన ఆ మధ్యాహ్నమే వస్తున్నాడు. కాబట్టి ముందుగా వెళ్లి, పాడుపడ్డ ఇళ్ల తలుపుల మీద సుద్దముక్కతో 'ఖాళీ' అని రాసి వచ్చేద్దామని హడావిడి అనుకున్నాడు.

ఆ ఇళ్ల కోసం అందరికంటే ఎక్కువగా ఎదురుచూస్తున్నది కుట్టుమిషనావిడ. వానలకి ఇల్లు కూలినప్పటినుంచి ఆవిడా, ముసలి అత్తగారూ ఇళ్ల శాఖ వరండాలోనే ఉంటున్నారు. మిషను సరిగ్గా హడావిడి కిటికీ కిందే పెట్టుకుంది. అది టకటకలాడుతున్నంతసేపూ ఆయనకి తలనొప్పి. ఆగిందంటే మరీ కంగారు, ఎందుకంటే ఆవిడ లేచి వచ్చి 'మా ఇల్లు ఎంతవరకు వచ్చింది సార్?' అని నెమ్మదిగా అడుగుతుంది. ఆ నెమ్మదితనం ముందు ఆయన నీళ్లు నమిలేవాడు. ఆ వేళ మాత్రం ధైర్యంగా వెళ్లి, సామాను సర్దుకోండమ్మా, ఆఫీసరుగారి చేతుల మీదుగా మొదటి ఇల్లు మీకేనని చెప్పేశాడు. ముసలావిడ అప్పటికప్పుడే దుప్పటి మడతపెట్టింది.

ఇంట్లో భార్య వంట చేసి మూతలు పెట్టి, కళ్లజోడు మార్పించుకోవడానికి పక్క ఊరు వెళ్లిపోయింది. హడావిడి తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, సుద్దముక్కతో బయల్దేరాడు. వీధిలో అడుగుపెట్టాడో లేదో ఫోను మోగింది. ఆఫీసరుగారు కూర్చోవడానికి చేతులున్న కుర్చీ ఆఫీసులో ఒక్కటీ లేదట. ఆ కుర్చీ కోసం ఊరంతా తిరుగుతూ, ఇళ్ల పని బావమరిదికి అప్పగించాడు.

ఈ బావమరిదికి జుట్టు పలచబడుతున్నా ఇంకా ఉద్యోగం లేదు. అక్క ఇంట్లోనే ఉంటాడు. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే 'ప్రస్తుతం ఖాళీ అండి' అని మర్యాదగా చెబుతాడు. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడంలో అతణ్ణి మించినవాడు లేడు, అందుకే ఎవరూ రెండోసారి పని చెప్పరు.

"మిల్లు వీధిలో తాళం వేసిన ప్రతి తలుపు మీదా ఖాళీ అని రాసెయ్‌రా. తొందరగా" అన్నాడు హడావిడి ఫోనులో.

సుద్దయితే వానకి పోతుందని బావమరిది ఆలోచించాడు. చెత్తబండికి వెయ్యగా మిగిలిన ఎర్రరంగు డబ్బా పట్టుకెళ్లాడు. తాళం వేసిన ప్రతి తలుపు మీదా గుండ్రటి అక్షరాలతో రాశాడు. పాడుపడ్డ ఇళ్లతోపాటు, పనులకి పోయినవాళ్ల ఇళ్లూ, బజారుకి పోయినవాళ్ల ఇళ్లూ కూడా ఖాళీ అయిపోయాయి.

రిటైరైన హెడ్మాస్టారు నడకనుంచి తిరిగొచ్చి తన తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇరుగుపొరుగు చేరారు. ఇదేమిటి మాస్టారూ అంటే ఆయన గొంతు సవరించుకుని, "వాక్యంలో క్రియ లోపించింది. 'చెయ్యండి' అని మనం కలుపుకోవాలి" అన్నాడు. చదువుకున్న మనిషి చెప్పాక ఇక అనుమానమేముంది. కబురు అందినవాళ్లు పనులు మానుకుని పరుగెత్తుకొచ్చారు. తలుపు మీద రాత లేనివాళ్లు కూడా రేపు మా వంతేగా అని మంచాలు బయటికి మోశారు. చూస్తుండగానే వీధంతా బీరువాలు, బిందెలు, పరుపులతో నిండిపోయింది.

చేతుల కుర్చీ నెత్తిన పెట్టుకుని వచ్చిన హడావిడి ఆ దృశ్యం చూసి కుర్చీని నడివీధిలోనే దించేశాడు. ఖాళీ చెయ్యమని కాదు బాబూ, ఇంట్లో ఎవరూ లేరని అర్థం అని మొత్తుకున్నాడు. దాంతో నిప్పుల మీద నెయ్యి పోసినట్టయింది.

"నేనుండగా ఇంట్లో ఎవరూ లేరంటే, నేనెవర్నయ్యా?" అన్నాడు హెడ్మాస్టారు.

హడావిడి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. రంగు తుడవబోతే అది తలుపంతా పాకింది. ఆఫీసరుగారి కారు ఊళ్లోకి వచ్చేసిందని ఫోను. ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది. ఏదో ఒకటి చేసి ఈ జనాన్ని లోపలికి పంపాలి. బావమరిది చెయ్యి పట్టుకుని, ఖాళీ పక్కన 'లేదు' అని రాసెయ్యమని చెప్పి, సామాన్లు మొయ్యడానికి పరుగెత్తాడు. ఏ ఇళ్ల మీద రాయాలో చెప్పలేదు. బావమరిదీ అడగలేదు.

కాసేపట్లో మిల్లు వీధి పొడుగునా రాత పడ్డ ప్రతి ఇల్లూ, పైకప్పు లేని ఇళ్లతో సహా, 'ఖాళీ లేదు' అని లాడ్జిలా చెప్పడం మొదలుపెట్టింది.

పెద్దాఫీసరు కారు దిగి తలుపులన్నీ చదువుకుంటూ నడిచాడు. ఈ మంచాలేమిటని అడిగాడు. హడావిడి నోటికి ఆ క్షణంలో అందిన మాట, కొత్తగా కాపురాలకి దిగుతున్నారండి అని. ఆఫీసరు మొహం వికసించింది.

"అంటే మా సాయం లేకుండానే మీ వీధి బాగుపడిపోయిందన్నమాట. మంచిది. ఆ డబ్బు ఇంకో ఊరికి రాసేస్తాను" అన్నాడు.

వెనకాల తోపుడుబండి మీద మిషనుతో, దుప్పటి మూటతో వచ్చి నిలబడ్డ కుట్టుమిషనావిడ ఆ మాట విన్నది. బండిని వెనక్కి తిప్పబోయింది. ముసలావిడ, మళ్లీ వరండాకేనా అమ్మా అని అడిగింది. హడావిడికి ఆ వీధిలో ఎక్కడైనా గొయ్యి కనిపిస్తే దూకేద్దామనిపించింది.

అప్పుడే ఆఫీసరు వీధి చివర ఆగాడు. ఆ ఒక్క తలుపు మీదా 'ఖాళీ' అని మాత్రమే ఉంది. రంగు అక్కడికి వచ్చేసరికి అయిపోయింది.

"ఇదొకటుందే. ఎవరిది?"

అది హడావిడి ఇల్లు. ఆఫీసు ఇచ్చిన క్వార్టరు. ఆయన బావమరిది వైపు కొరకొరా చూశాడు. బావమరిది దగ్గరికొచ్చి, "తాళం వేసిన ప్రతి తలుపూ అన్నావు కదా బావా. మనింటికి మినహాయింపు ఇస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అని చెవిలో చెప్పాడు.

"ఆఫీసుదేనండి" అన్నాడు హడావిడి.

ఈ ఒక్కటీ ఇప్పుడే ఇచ్చేస్తే పని మొదలైనట్టేననీ, అప్పుడు డబ్బు ఈ ఊరికే ఉంచుతాననీ, మిగతా ఇళ్లు తర్వాత తీరిగ్గా వెతికించుకోవచ్చనీ ఆఫీసరు అన్నాడు. నిజం చెబితే డబ్బూ పోతుంది, వరండాలో ఆ ముసలావిడ దుప్పటి మళ్లీ పరుచుకుంటుంది. చెప్పకపోతే కొంప పోతుంది, అదీ తన కొంప. హడావిడి జీవితంలో మొదటిసారి కదలకుండా నిలబడి ఆలోచించాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి కుట్టుమిషనావిడ చేతిలో పెట్టాడు. అందులో సగం భయమే అయినా, తక్కిన సగం మంచి మనసే.

లోపల చూసి ఆఫీసరు తెల్లబోయాడు. మంచాలు, పరుపులు, గిన్నెలు. మూత తీస్తే అన్నం ఇంకా వెచ్చగా ఉంది. ఇల్లు ఇవ్వడమంటే ఇలా ఇవ్వాలని మెచ్చుకున్నాడు. గోడ మీది పెళ్లి ఫొటోకి వీపు ఆనించి హడావిడి చెమటలు కక్కుతూ నవ్వాడు. ముసలావిడ ఆయన మంచమెక్కి అప్పుడే కళ్లు మూసుకుంది. కుట్టుమిషనావిడ మాత్రం దండెం మీద ఆరేసిన జాకెట్టు చేత్తో పట్టుకుని చూసింది. అది తను కుట్టిందే. ఎవరికి కుట్టిందో తెలుసు. ఆఫీసరు బయటికి నడిచాక తాళంచెవి తిరిగి హడావిడికి ఇవ్వబోయింది.

"వద్దమ్మా. మీ అత్తగారిని లేపకండి" అన్నాడు హడావిడి.

సాయంత్రం భార్య వచ్చింది. సొంత తలుపు మీద రాత చూసి కొత్త కళ్లజోడు తప్పేమోనని తీసి, పాతది పెట్టుకుని మళ్లీ చదివింది. లోపల ముసలావిడ, ఎవరి కోసం తల్లీ అని అడిగింది. ఆ తర్వాత లోపల చాలాసేపు మాటలు జరిగాయి. భార్య ఏ క్షణాన పిలిస్తే ఏమని చెప్పుకోవాలా అని హడావిడి వీధిలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి ఆవిడ చంకలో ఒక దిండుతో బయటికొచ్చింది.

"పదండి, ఆ వరండా ఎలా ఉంటుందో చూద్దాం. ఆ ముసలామెని మళ్లీ అక్కడికి పంపిస్తే మీతో మాట్లాడను" అన్నది.

మర్నాటినుంచి కిటికీ కింద మిషను లేదు. అక్కడ భార్య కూర్చుంది. హడావిడి కుర్చీలోంచి లేచినప్పుడల్లా, "ఏమండీ, ఆ ఫైలు కదిలిందా?" అని వినిపించేది. ఆయన మళ్లీ కూర్చునేవాడు. వరండాలో పై నుంచి చినుకులు, కింది నుంచి చీమలు. ఏళ్లతరబడి కదలని కాగితాలు బల్లలు దాటాయి. మేస్త్రీలు వచ్చారు. పాడుపడ్డ ఇళ్లకి పైకప్పులు లేచాయి. ఇంత వేగంగా ఎలా చేశావయ్యా అని పెద్దాఫీసరు ఫోనులో ఆశ్చర్యపోతే, హడావిడి నిజమే చెప్పాడు.

"ఇంటికి వెళ్లే పని లేదు కదండీ."

బాగైన మొదటి ఇంట్లోకి కుట్టుమిషనావిడ వెళ్లిపోయింది. వెళ్లే ముందు క్వార్టరు తుడిచి, హడావిడి చొక్కాలకి ఊడిన గుండీలన్నీ కుట్టి, తాళంచెవి ఆయన భార్య చేతికిచ్చింది. తక్కిన ఇళ్లూ ఒక్కొక్కటే నిండాయి. ఎర్రరంగు మాత్రం ఏ తలుపు మీదా పోలేదు, హెడ్మాస్టారు రోజూ దాన్ని చదివి విసుక్కుంటూనే ఉన్నాడు. మిల్లు వీధిలో ఇప్పుడు ఒక్క ఇల్లూ ఖాళీగా లేదు.

బావమరిది మాత్రం ఉన్నాడు.