మడుగు నిండుకుంది

ఒక పెద్ద అడవిలో, చెడు కబురు చెవిన పడితే చాలు, పంజా విసిరే సింహం ఒకటి రాజ్యం చేస్తుండేది. దాని పేరు కేసరప్ప. వానలు మొహం చాటేశాయని చెప్పినందుకు కాకికి తోక ఊడింది. జింకలు తగ్గాయన్నందుకు తోడేలు కుంటుకుంటూ ఇల్లు చేరింది. ఆ తర్వాత కొలువుకు కబురు మోసుకొచ్చే ప్రాణే లేకపోయింది.

ఇదే అదను అనుకుంది వాచస్పతి అనే నక్క. ఊరి చివర కోళ్ళగూళ్ళ దగ్గర మాటు వేసి, కోళ్ళతో పాటు మనుషుల మాటలు కూడా నాలుగు పట్టుకున్న ఘటం అది.

"ప్రభూ, తప్పు కబురుది కాదు, మాటది," అంది చేతులు నలుపుకుంటూ. "మనుషుల్ని చూడండి. దీపం ఆరిపోతే కొండెక్కింది అంటారు. గాజు పగిలితే పెరిగింది అంటారు. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటారు. ఇంట్లో ఏది పోయినా చెవికి మాత్రం శుభమే!"

సింహం మీసం దువ్వుకుంది. "ఎంత మర్యాద! మనమూ అలాగే మాట్లాడదాం."

ఆ రోజు నుంచి కొలువులో 'లేదు', 'పోయింది', 'చచ్చింది' అన్న మాటలు నిషేధం. వాచస్పతి మాటల మంత్రి అయింది. ప్రతి వేటలోనూ దానికి ఒక తొడ వాటా.

ముసలి దుప్పి చనిపోతే "విశ్రాంతి తీసుకుంటోంది" అన్నారు. "లేచాక ఒకసారి నన్ను కలవమనండి," అంది సింహం.

ఎండాకాలం వచ్చింది. మడుగు కాపలా కొంగ పరుగున వచ్చి వాచస్పతి చెవిలో గొణిగింది. "మంత్రిగారూ, నీళ్ళు అడుగంటాయి. రాజుగారికి ఎలా చెప్పాలి?"

"అదెంత పని! మడుగు నిండుకుందని చెప్పు."

"ఆయనకు అర్థమవుతుందంటారా?"

"అర్థమైతే మనకు కష్టం. కాకపోతే ఆయనకు సుఖం."

కొంగ అలాగే చెప్పింది. సింహం ఉబ్బితబ్బిబ్బయింది. "ఈ ఎండల్లో కూడా నిండుకుందా! అయితే కొండవాగును తనవైపు మళ్ళించుకుంటానని పొరుగు పులి అడుగుతోంది కదా, ఇచ్చేయండి పాపం!"

వాచస్పతి నోరు తెరవబోయింది. అప్పటికే కొలువంతా జేజేలు కొడుతోంది. వేట తొడ ఒకటి కళ్ళముందు మెదిలింది.

"చిత్తం," అంది.

చిత్తం అంటే ఒప్పుకున్నట్టో, విన్నట్టో, తప్పించుకున్నట్టో అన్న నక్కకే తెలియదు.

వాగు పులి అడవిలోకి మళ్ళింది. ఇక్కడ చెట్లు మాడిపోయాయి. ఏనుగులు ఎక్కడెక్కడి నుంచో తొండాలతో నీళ్ళు తెచ్చి పోస్తున్నాయి కనుక సింహానికి మాత్రం కరువు తెలియలేదు.

ఒక మధ్యాహ్నం వాచస్పతి ఇల్లు చేరేసరికి, చిన్నపిల్ల నాలుక బయటపెట్టి పడివుంది.

"నీళ్ళేవీ?" అంది పెళ్ళాం.

"మడుగు నిండుకుందే..."

"ఇంట్లో కూడా కొలువు భాషేనా? నీ నాలుక పడిపోను! ఉన్నాయా, లేవా? అది చెప్పు!"

జవాబుకు ఒక్క మాట చాలు. ఆ మాటను తానే నిషేధించింది. నక్క వెనక్కి తిరిగి కొలువుకు పరుగెత్తింది.

"ప్రభూ, మడుగు నిండుకుంది!"

"తెలుసు కదయ్యా."

"కాదు ప్రభూ, బాగా నిండుకుంది!"

"సంతోషం."

"పూర్తిగా, చుక్క మిగలకుండా నిండుకుంది!"

"భేష్! అయితే రేపు జలక్రీడకు ఏర్పాట్లు చెయ్యి."

నక్క కళ్ళముందు పిల్ల నాలుక ఆడింది. "లేవు ప్రభూ! నీళ్ళు లేవు! పిల్లలు చచ్చిపోతున్నాయి!" అని గొంతు చించుకుంది.

కొలువులో అందరికీ తెలిసిన సంగతే, కానీ పైకి వినడం అదే మొదలు. కొంగ తల వంచుకుంది.

సింహం పంజా విసరలేదు. నెమ్మదిగా లేచి, "మంత్రిగారూ, దయచేయండి," అంది.

ఇన్నాళ్ళకు రాజుగారికి జాలి కలిగిందనుకుని వాచస్పతి తోక ఊపుకుంటూ సింహాసనం వైపు అడుగు వేసింది. రెండు ఎలుగుబంట్లు దాని మెడ పట్టుకుని ఈడ్చుకుపోయి పొలిమేర అవతలికి విసిరేశాయి. గుమ్మంలోకి పిలవడానికీ, గుమ్మం దాటించడానికీ మనుషులు వాడేది ఆ ఒక్క మాటేనని గాలిలో ఉండగా గుర్తొచ్చింది.

పడింది మాత్రం చల్లగా పడింది. కొండవాగులో.

కడుపారా తాగింది. చీకటి పడకముందే పెళ్ళాన్ని వెంటబెట్టుకుని, పిల్లల్ని నోట కరుచుకుని తెచ్చుకుంది. చిన్నపిల్ల మొదటి గుక్కకే కళ్ళు తెరిచింది.

మర్నాడు సింహం పరివారంతో జలక్రీడకు వెళ్ళింది. నెర్రెలు విచ్చిన మడుగు మధ్య నిలబడి చుట్టూ చూసింది. ఆ కనిపించేదాన్ని ఏమనాలో చెప్పగల మంత్రి ఇప్పుడు కొలువులో లేదు. అందుకని అందరూ చప్పట్లు కొట్టారు.

నీతి: నిజం చెబితే గెంటేస్తారు. నీళ్ళున్న వైపుకు గెంటేలా చూసుకుని చెప్పాలి.