తాళం మీద మీ ఫీలింగ్ ఏమిటి?

న్యాయం జరిగితేనే గొడవ తీరుతుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. పాపం, అమాయకులు! న్యాయంతో పనిలేకుండా గొడవలు తీర్చే మహానుభావుడు మన మధ్యే తిరుగుతుంటే కళ్లుండీ చూడలేకపోతున్నారు.

ఆయన్ని అందరూ సామరస్యం సారు అంటారు. వృత్తి కాన్‌ఫ్లిక్ట్ రిజల్యూషన్ కన్సల్టెంట్. అంటే తగాదాలు తీర్చడం, తీర్చడమెలాగో నేర్పడం. ఒకప్పుడు బళ్లో డ్రిల్లు మాస్టారు. పిల్లలు కొట్టుకుంటే ఇద్దరికీ చెరొకటి వడ్డించేవారు. తర్వాత ఏదో కోర్సు చేసి ఇద్దరి మాటా వినడం నేర్చుకున్నారు. ఇప్పుడు ఎవరి మాటా వినకుండానే ఇద్దరినీ ఒప్పించగలరు. ఎదుగుదల అంటే అదీ!

మా వదిన బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. కుట్టుమిషన్ల హాలుకి వెనక ఒక తలుపుంది. దానికి తాళం ఉంది. తాళంచెవి మేనేజరు జేబులో ఉంది. చొక్కాలు దొంగతనంగా పోతాయని ఆయన భయం. నిప్పంటుకుంటే తామే పోతామని ఆడవాళ్ల భయం. ఎంత చాదస్తం! తలుపు తీసేదాకా కుట్టేది లేదని మిషన్లు ఆపి కూర్చున్నారు. మేనేజరు సారుకి కబురుపెట్టాడు.

సారు వచ్చి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టారు.

"తలుపు సంగతి పక్కన పెట్టండమ్మా. ఆ తాళాన్ని చూస్తే మీకేమనిపిస్తోంది?"

"తియ్యాలనిపిస్తోందండీ," అంది వదిన.

"అది కోరికమ్మా. నేనడిగింది ఫీలింగ్."

"భయమేస్తోందండీ."

"భలే! చూశారా మేనేజరుగారూ, మీకూ భయమే, ఆవిడకీ భయమే. ఇద్దరిదీ ఒకటే బాధ!"

చప్పట్లు కొట్టించారు. చేతులు కలిపించారు. మిషన్లు మళ్లీ తిరిగాయి. తాళం తియ్యకుండా తగువు తీర్చడమంటే మాటలా?

మరుసటి వారం అదే హాల్లో సారు కోపాన్ని జయించడమెలాగో బోధిస్తుండగా, ముందు తలుపు పక్కనున్న ఇస్త్రీ బల్ల మీద గుడ్డ అంటుకుంది. హాలంతా పొగ! వెనక తలుపు దగ్గరికి అందరికన్నా ముందు పరిగెత్తింది ఎవరనుకున్నారు? సారే!

"తియ్యండ్రా! ఎవడ్రా దీనికి తాళం వేసింది? చచ్చిపోతాం రా!" అంటూ తలుపుని కాళ్లతో తన్నారు. ఫీలింగ్ గురించి ఒక్క ముక్క లేదు.

ఆయన అలా తంతుండగా వదినా, పక్క మిషనావిడా తడిగుడ్డలు కప్పి మంట ఆర్పేశారు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు.

సారు దగ్గుకుంటూనే నేరుగా మేనేజరు మీదికి వెళ్లారు. బల్ల గుద్ది మరీ అడిగారు. ఆడవాళ్లు ఆశగా గుమ్మంలో గుమిగూడారు. మేనేజరు వెంటనే ఒప్పుకున్నాడు. అరిస్తే పనవుతుందని అప్పుడే తెలిసింది!

ఆ రోజు నుంచి సారు క్లాసులు మేనేజరు గదిలోనే జరుగుతున్నాయి. ఆ గదికి రెండు తలుపులు, రెండూ బార్లా తెరిచే ఉంటాయి. వదినవాళ్లు వంతులవారీగా వెళ్లి, చల్లగాలిలో శాంతిపాఠం విని, తాళం వేసిన హాల్లోకి తిరిగొస్తున్నారు.