పదకొండు చుట్లు

"ఆ సీసా బస్సులో పగిలిపోతే మన గతేందిమే?" అంది అనసూయమ్మ.

అప్పటికి సీసా పగల్లేదు, బస్సు రాలేదు, సరిగ్గా తెల్లవారనైనా లేదు. కూతురు నాగశ్రీ సెల్‌ఫోను లైటు వెలుగులో జడ అల్లుకుంటోంది. సమాధానం చెప్పలేదు. అమ్మ అడిగేవాటికి జవాబు చెప్పడం మొదలుపెడితే ఇంట్లో ఏ పనీ తెమలదని ఆ పిల్ల పదో తరగతిలోనే తెలుసుకుంది.

అనసూయమ్మ భయాలు మాధవరంలో నేతపని వాళ్ల వీధి మొత్తానికీ తెలిసినవే. మబ్బు లేకపోతే కరువొస్తుందని భయం, మబ్బు పడితే పిడుగు పడుతుందని భయం. కూతురికి జ్వరమొస్తే భయం, రెండు నెలలు ఏ జ్వరమూ రాకపోతే లోపల ఏదో ముదురుతోందని ఇంకా భయం. ఇప్పుడు వీటన్నిటి మీదా కర్నూలు వచ్చి కూర్చుంది.

నాగశ్రీ కడపలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చివరి సంవత్సరం చదువుతోంది. చిక్కటి ద్రవాన్ని పైనుంచి సన్నగా పోస్తే, ఆ ధార కింద తాడు చుట్టినట్టు చుట్లు చుట్లుగా ఎందుకు పేరుకుంటుందన్నది ఆమె ప్రాజెక్టు. ఆ రోజు పదకొండు గంటలకు దాని మీద పరీక్ష. పరీక్ష చెయ్యడానికి కర్నూలు నుంచి వేణుగోపాల్ అనే పెద్ద ప్రొఫెసరు వస్తున్నాడు. నచ్చిన ఒక్కరిని తన దగ్గర మూడేళ్ల పరిశోధనకు తీసుకుంటాడట. నాగశ్రీ హాస్టలు కాగితం నింపేసి సంచిలో పెట్టుకుంది. కొత్త రేకుపెట్టె కూడా కొని మంచం కింద పెట్టింది. రోజూ ఊడ్చేటప్పుడు అనసూయమ్మ చీపురు దానికి తగిలి టంగుమనేది. కర్నూలంటే ఆమెకు తెలిసింది ఒకప్పుడు టీవీలో చూసిన తుంగభద్ర వరద. ఆ నీళ్లు తగ్గి ఏళ్లు గడిచాయని ఎంతమంది చెప్పినా ఆమె మనసులో మాత్రం తగ్గలేదు.

ఆ ప్రాజెక్టు సంగతి నాగశ్రీ ఇంట్లో వివరించి చూసింది.

"పైనుంచి వచ్చేదానికి కింద దోవ మూసుకుపోయిండాదని తెల్వదు నాయనా. కిందిది ఆగిపోతాది, పైది వస్తానే ఉంటాది. యాడికి పోవాల? పక్కకి వంగుతాది. వంగి వంగి చుట్ట అవుతాది. నీళ్లయితే పల్చన గదా, చిందిపోతాయి."

తండ్రి పెంచలయ్య మగ్గం గుంటలోంచి తలెత్తకుండానే, "దీనికి ఎమ్మెస్సీ ఏటికి పాపా? మీయమ్మ ఏడో తరగతికే నేర్చుకునింది" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. పడుగుకు, అంటే మగ్గం మీదికి ఎక్కే నిలువు పోగులకు, పూసే గంజి పదును అనసూయమ్మ అలాగే చూస్తుంది. గరిటెను మోచేతి ఎత్తున పట్టి వంచుతుంది. గంజి నిట్టనిలువుగా జారిపోతే పల్చన. ముద్దగా పడితే మందం. చుట్ట కట్టి, ఒక్క క్షణం నిలబడి, కుంగిపోతే సరైన పదును. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో గంజికి ఇంకో కొలత లేదు.

నాగశ్రీ కొలతకు మాత్రం కాలేజీ నూనె ఉంది. వాసన లేని, నీళ్లలా తేటగా ఉండే చిక్కటి నూనె. సాధన చెయ్యడానికి వారం కిందట ఒక సీసా ఇంటికి తెచ్చింది. రోజూ సాయంత్రం పళ్లెంలోకి మూరెడు ఎత్తు నుంచి వంచి చుట్లు లెక్కపెట్టేది. పదకొండు చుట్లు పేరుకున్నాక గోపురం కుంగిపోయేది. "పదకొండు" అని రాసుకుని, నూనెను మళ్లీ సీసాలోకి ఎత్తేది. అనసూయమ్మ గడప దగ్గర నిలబడి ఊపిరి బిగపట్టి చూసేది.

ముందురోజు సాయంత్రం ఆమెకు కొత్త భయం పుట్టింది. పుస్తకాల అలమరలో ఎలుక తిరుగుతోంది, సీసాను తోసేస్తే? ఎలుక ఎక్కలేని చోటు వంటింటి గూడు ఒక్కటే. సీసా మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. ఏడో తరగతి చదువును కూడదీసుకుని అందులో మూడక్షరాలు చదివింది. ఓ, ఐ, ఎల్. నూనె. నూనెను నూనెల పక్కన ఉంచడం కంటే భద్రం ఏముంటుందని, కొబ్బరినూనె సీసా పక్కనే పెట్టి, ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయింది. ఆమె జీవితంలో అలాంటి రాత్రులు తక్కువ.

తెల్లవారుజామున కరెంటు పోయింది. బయట పెంచలయ్య, పక్కింటి మల్లక్క, ఇంకో నలుగురు కలిసి పడుగును వీధి పొడుగునా చాచి కట్టారు. ఎండ ఎక్కకముందే గంజి పూసి కుంచెలతో దువ్వెయ్యాలి. లోపల అనసూయమ్మ పొయ్యి మీద గంజి కలుపుతోంది. పోగు మెత్తబడటానికి అందులో రెండు గరిటెల కొబ్బరినూనె పడాలి. చీకట్లో గూట్లో చెయ్యి పెట్టి సీసా తీసింది. వంచితే నూనె రాలేదు. బాగా వంచింది. రాలేదు. "ఏం మాయదారి నూనె అమ్మినాడో" అనుకుంటూ సీసాను గిన్నె మీద పూర్తిగా బోర్లించి పట్టుకుంది.

అప్పుడు కరెంటు వచ్చింది.

గంజి మీద ఒక తేటైన తాడు దిగుతోంది. ఒకదాని మీద ఒకటిగా, ఎవరో ఒద్దికగా చుట్టి పెట్టినట్టు చుట్లు పేరుస్తోంది. ఎంత అందంగా చుడుతోందో అనుకుంటూ అలవాటు కొద్దీ లెక్కపెట్టింది కూడా. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. గోపురం కుంగిపోయింది. అనసూయమ్మ గుండె కూడా.

చేతిలో సీసా ఖాళీ.

నలభై ఏళ్లుగా ఘోరం కోసం ఎదురుచూసిన మనిషి, అది నిజంగా వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియక చెంగు కింద దాచిపెట్టింది. కూతురికి చెబితే ఏడుస్తుంది. ఏడిస్తే చదివింది మరిచిపోతుంది. మరిచిపోతే తప్పుతుంది. తప్పితే ఏ అఘాయిత్యం చేసుకుంటుందో. ఆమె ఆలోచన అక్కడిదాకా వెళ్లేలోపు పెంచలయ్య వచ్చి, "గంజికి ఇంత సేపా?" అని గిన్నె ఎత్తుకుపోయాడు.

డబ్బాలో ఒక్కపొద్దు కోసం దాచిన సగ్గుబియ్యం ఉన్నాయి. వాటిని ఉడికించింది, గుడ్డలో వడకట్టింది. తేటగానే వచ్చింది. మూరెడు ఎత్తు నుంచి వంచి చూసింది. ఆరు చుట్లు. ఇంకాస్త మరిగించింది. తొమ్మిది. ఇంకాస్త. పదకొండు. సీసా నింపి, మూత బిగించి, కొంగుతో తుడిచింది. ముప్పై ఏళ్ల పనితనమంతా పెట్టి ఆమె చేసిన మొదటి దొంగపని అది.

"ఏందిమా, సీసా ఇంత వెచ్చగా ఉండాది?" అని అడిగింది నాగశ్రీ.

"పొయ్యి పక్కన పెట్నింటి. చెమ్మ తగల్లేదులే."

"నూనెకి చెమ్మ ఏందిమా?"

బయట వేరే కథ నడుస్తోంది. కుంచె ఎక్కడ పెట్టినా జారిపోతోంది.

"ఏం గంజి కాసినావ్‌మే అనసూయా?" అని కేకేసింది మల్లక్క. "పోగుకి అంటుకుంటే గదా. ఆంజనేయసామికి నూనె పూసినట్టుండాది."

"గంజిలో ఏం కలిపినావ్?" అన్నాడు పెంచలయ్య.

"రోజూ కలిపేదే" అంది అనసూయమ్మ, గోడతో.

నూనె చేతులతో పట్టీ పట్టీ పడుగు కొసను కట్టిన మోకు కూడా జిడ్డెక్కింది. ముడి మెల్లగా జారింది. నలభై గజాల పడుగు వీధిలోనూ, వీధి చివర తారురోడ్డు మీదా వాలిపోయింది. సరిగ్గా అప్పుడే కడప బస్సు వచ్చింది. డ్రైవరు హారను కొట్టాడు. పెంచలయ్య రెండు చేతులూ చాచి బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు.

"పక్కకి తియ్యప్పా, టైమైపోతాంది."

"రెండు నెలల కూడు ఈడ పడుండాది. నీ టైరు నా మీద ఎక్కించి పో."

పోగులు ఏరి పక్కకు చేర్చేసరికి ముప్పావు గంట పట్టింది. తన పరీక్షకు వెళ్లాల్సిన బస్సును తన తండ్రే ఆపుతుంటే నాగశ్రీ అరుగు మీద సంచి పట్టుకుని నిలబడి చూసింది. బస్సు ఎక్కి కూర్చున్నాక వెనకాలే అనసూయమ్మ కూడా ఎక్కింది.

"నువ్వేటికిమా?"

"ఉత్తగనే. ఆ సీసా నాకియ్యి, నువ్వు చదువుకో."

సీసాను తుండుగుడ్డలో చుట్టి, కొంగు కప్పి, పసిబిడ్డను పట్టుకున్నట్టు పొట్టకు అదుముకుంది. గంజి చల్లారితే ఏమవుతుందో ఆ బస్సులో తెలిసింది ఆమెకొక్కదానికే.

ఆలస్యంగా వచ్చినవాళ్లను చివర పిలుస్తామన్నారు. చివర అంటే మధ్యాహ్నం రెండు. సీసాను ఏసీ గదిలో బల్ల మీద పెట్టించారు. అనసూయమ్మ వరండాలో కిటికీ దగ్గర నిలబడింది. ఆ మూడు గంటల్లో కాలేజీ కూలిపోతుందని, ఏసీ పేలుతుందని, కూతురు కళ్లు తిరిగి పడుతుందని వరసగా భయపడింది. అవేవీ జరగలేదు.

నాగశ్రీ ధార ఎందుకు చుట్ట కడుతుందో చక్కగా చెప్పింది. ఎత్తు పెరిగితే చుట్ట ఎట్లా చిన్నదవుతుందో, నూనె వేడెక్కితే లెక్క ఎట్లా మారుతుందో తడుముకోకుండా చెప్పింది. వేణుగోపాల్ తల ఊపుతూ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అది చూసి ఆ పిల్ల చెయ్యి ఒకసారి తన సంచి మీదికి, హాస్టలు కాగితం ఉన్న వైపుకి వెళ్లింది.

"ఏదీ, పొయ్యమ్మా, చూద్దాం" అన్నాడాయన.

మూత తీసి వంచింది. రాలేదు. ఇంకా వంచింది. రాలేదు. పూర్తిగా బోర్లించి అడుగున ఒక్కటి కొట్టింది. సంగటి ముద్ద పళ్లెంలో పడ్డట్టు పడింది. పడి, అట్లాగే కూర్చుంది.

వేణుగోపాల్ వంగి వాసన చూశాడు. "నీ నూనె పులిసింది" అన్నాడు. తర్వాత రీడింగుల పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "ఈ రీడింగులు దీనితో తీసినవేనా? లేకపోతే ఇంట్లో కూర్చుని రాసినవా?"

నాగశ్రీ కిటికీ వైపు చూసింది.

అనసూయమ్మ చెప్పులు బయటే విప్పి లోపలికి వచ్చింది. "పాపది తప్పు లేదు సార్. నూనె నేనే పోసేసినా. అది గంజి" అంది. మిగతా కథంతా ఏడుస్తూ చెప్పింది.

నాగశ్రీకి ప్రాజెక్టు చేయించిన ప్రమీలారాణి మేడమ్ తల పట్టుకుంది. "సీసా పోతే పోయిందని చెప్పాల్సిందమ్మా. ఏటా ఒకటో రెండో పగులుతూనే ఉంటాయి. బీరువాలో ఇంకోటి ఉంది. పొద్దున ఫోను చేసుంటే తీసిపెట్టేదాన్ని."

వేణుగోపాల్ ఇదేమీ వినడం లేదు. ఆయన ఆ ముద్దను వేలితో పొడిచి చూస్తున్నాడు.

"పొద్దున ఇది నూనె మాదిరే పడిందంటిరే. ఎట్లా సరిపెట్టినారు?"

"చుట్లు లెక్కపెట్టినా సార్. పాపది పదకొండు. నాదీ పదకొండు వచ్చేదాకా మరగబెట్టినా."

"ఇప్పుడు చెయ్యగలరా?"

వేడినీళ్లు తెప్పించింది. ముద్దను మళ్లీ సీసాలోకి ఎత్తి, సీసాను అందులో ఉంచి, తిప్పి, నాలుగు చుక్కల నీళ్లు కలిపి, మోచెయ్యి ఎత్తి వంచింది. గంజి తాడులా దిగింది. వేణుగోపాల్ పైకే లెక్కపెట్టాడు. పది దగ్గర ఆయన గొంతు తగ్గింది. పదకొండు దగ్గర గోపురం కుంగింది. మేడమ్ ఫోనులో వీడియో తీసింది. పక్క గదుల్లోంచి లెక్చరర్లు వచ్చారు. అనసూయమ్మ చేత ఇంకో మూడుసార్లు పోయించారు. నాగశ్రీ గోడ దగ్గరికి జరిగి వాళ్లకు చోటిచ్చింది.

"నూనె మీద ఎవరైనా చేస్తారమ్మా" అన్నాడు వేణుగోపాల్ చివరికి, నాగశ్రీ వైపు తిరిగి. "నేతగాళ్ల గంజి మీద ఎవరు చేసినారు? నువ్వు చేస్తాండావు. నిన్ను తీసుకుంటున్నా."

నాగశ్రీ ముఖం వెలిగింది. "హాస్టలు కాగితం తెచ్చినా సార్."

"హాస్టలు ఏటికి? గంజి కర్నూల్లో లేదు గదా. మీ ఇంట్లోనే ఉండి, రోజూ పొద్దున అమ్మ పక్కన నిలబడి కొలవాల. ఎండాకాలం, వానాకాలం, చలికాలం. మూడేండ్లు. ఆర్నెల్లకోసారి లెక్కలు పంపు, చాలు."

తిరుగు బస్సులో తల్లీకూతుళ్లకు పక్కపక్కనే సీటు దొరికింది. భాకరాపేట దాటినా నాగశ్రీ కిటికీలోంచి చూపు తిప్పలేదు. సీసా ఆమె ఒడిలో ఉంది. అడుగున మిగిలిన గంజి మళ్లీ గడ్డకట్టింది.

"కోపమా పాపా?" అంది అనసూయమ్మ.

నాగశ్రీ సీసాను ఒడిలో అటు తిప్పి పెట్టుకుంది.

"సీటు వచ్చింది గదమ్మా. ఇంకేం గావాల?"

అనసూయమ్మ కొంతసేపు కొంగు కొస వేలికి చుట్టింది, విప్పింది. మంచం కింద రేకుపెట్టె గుర్తొచ్చింది. ఇక దాన్ని ఊడ్చేటప్పుడు జరపొచ్చు, పప్పులు పోసుకోవచ్చు అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే భయమేసింది.

"నేను కావాలని చేసినాననుకుంటాండావా?" అని అడిగింది, ఈసారి చాలా చిన్నగా.

ఊరి మలుపు వచ్చింది. పొద్దున పడుగు వాలిన చోట ఇంకా నాలుగు పోగులు తారుకు అంటుకుని ఉన్నాయి. బస్సు వాటి మీదుగా వెళ్లి ఆగింది. నాగశ్రీ లేచి, సీసాను సంచిలో పెట్టుకుంది.

"పొద్దన అడిగినావే, ఈ సీసా పగిలిపోతే మన గతేందని."

"అవ్, అడిగినా" అంది అనసూయమ్మ ఆశగా.

"పగిలిపోయింటే నేను కర్నూలు పోయేదాన్నిమా."