విడిదిలో బేస్‌బాల్

మేనకోడలు యశోద పెళ్లిరోజున గోపన్న పెట్టుకున్న పని ఒక్కటే. మగపెళ్లివారిలో ఎవరూ అలగకుండా చూసుకోవడం. వారి పెద్ద వీరభద్ర కోయిలకుంట్ల చుట్టుపక్కల అలకకు పేరుపడ్డ మనిషి. కిందటేడు ఎవరి పెళ్లిలోనో కాఫీ చల్లారిందని పెళ్లికొడుకును బస్సెక్కించి వెనక్కి తీసుకుపోయాడు. అందుకే యశోద తల్లి హనుమంతమ్మ తమ్ముడికి గట్టిగా చెప్పింది. "వాళ్లు ఏమడిగినా లేదనొద్దురా. మీరెవరు, ఏమైతారని మాత్రం అడగనే అడగొద్దు. అదొక్కటి చాలు వాళ్లకు."

పొద్దున ఆరున్నరకు గోపన్న కల్లూరులోని మండపానికి, అదే మగపెళ్లివారి విడిదికి, వచ్చేసరికి, లోపల తొమ్మిది మంది ఆడపిల్లలు టోపీలు పెట్టుకుని పరుగెత్తుతున్నారు. మధ్యలో విజిల్ పట్టుకుని ఒకావిడ. ఆమె కడప నుంచి వచ్చిన డ్రిల్ టీచరు ప్రమీలారాణి. పదకొండుకు కర్నూలులో ఆ పిల్లలకు బేస్‌బాల్ మ్యాచ్ ఉంది. రాత్రి వానకు ప్రాక్టీసు గ్రౌండు బురదైపోతే, పెళ్లివారు దిగేదాకా ఇక్కడ ఆడుకోమని వాచ్‌మన్ తలుపు తీసి టీకి పోయాడు. ఆ సంగతి గోపన్నకు చెప్పేవారు లేరు. మగపెళ్లివారే గంట ముందు దిగారనుకున్నాడాయన.

ఆమె ఆయన్ను మండపం మేనేజరనుకుంది. "అన్నా, ఈ కుర్చీలు అడ్డముండాయి. తీపిస్తావా?"

"అట్లే తల్లీ."

రెండు వందల కుర్చీలు గోడకు చేరాయి.

"నాలుగు దిండ్లు దొరుకుతాయా? కాళ్లతో తొక్కుతాము, ఏమనుకోవద్దు."

వధూవరుల కోసం తెచ్చిన పట్టు దిండ్లు తప్ప వేరే లేవు. గోపన్న అవే నాలుగు మూలలా వేశాడు. నాగలత అనే పొడుగుపిల్ల ఆ చివరి నుంచి పరుగెత్తుకొచ్చి, బూట్లతో సహా, బేస్ బదులు వేసిన ఒక దిండు మీదికి జారింది. అప్పుడే వచ్చిన హనుమంతమ్మ నోరు తెరిచింది.

"ఏందిరా ఇది?"

"వాళ్లింటి ఆచారమేమో అక్కా. అడగొద్దని నువ్వే చెప్తివి."

"అందరూ ఆడోళ్లే వచ్చినారే?"

"మొగోళ్లు వెనకాల వస్తాంటారు."

గోపన్న ప్రమీలారాణి దగ్గరికి పోయి వంగి నిలబడ్డాడు. "ఉగ్గాని, బజ్జీలు వేడిగా ఉండాయి తల్లీ. తినండి."

"వద్దులే అన్నా. తింటే పరుగెత్తలేరు."

వద్దు! అలకలన్నీ ఆ మాటతోనే మొదలవుతాయి. గోపన్న రెండు చేతులూ జోడించాడు. "మా వల్ల తప్పు జరిగింటే చెప్పుతో కొట్టు తల్లీ. తిననని మాత్రం అనొద్దు."

"పోండి, తినండి. ఈ అన్న ఏడ్చేట్టుండాడు," అంది ఆమె పిల్లలతో.

నలభై మందికని వండిన ఉగ్గాని పావుగంటలో అడుగంటింది. హనుమంతమ్మ ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి, రవికెగుడ్డ చేతిలో పెట్టింది.

"ఈ మండపమోళ్లు శానా మంచోళ్లు మేడం," అంది నాగలత బజ్జీ నములుతూ.

మళ్లీ ఉగ్గాని చేయించడానికి గోపన్న వంటింట్లోకి పోయాడు. అంతలో అసలు బస్సు వచ్చింది. వీరభద్ర దిగి చూశాడు. ఎదురొచ్చే మనిషి లేడు, పన్నీరు లేదు, మేళం లేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. అలగడానికి ఇన్ని కారణాలు ఒక్కచోట దొరకడం ఆయన అనుభవంలో ఎన్నడూ లేదు. గుమ్మంలో నిలబడి, కండువా దులిపి, గొంతు సవరించుకున్నాడు.

నాగలత బ్యాటు ఝళిపించింది. బంతి వీరభద్ర చెవి పక్కగా దూసుకుపోయి తలుపును ధన్‌మని తన్నింది. విజిల్ మోగింది.

"ఏమప్పా, నడిమధ్యన నిలబడ్తావే! గోడకు పో! వెనకాలోళ్లు కూడా, లైనుగా!"

పెళ్లికొడుకుతో సహా నలభై మంది గోడకు ఆనుకున్నారు. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన గోపన్న చెయ్యి పట్టుకుని వీరభద్ర గుసగుసలాడాడు.

"నువ్వు పాప మేనమామవు కదూ? ఆ కట్టెలు పట్టుకున్న ఆడోళ్లంతా మీ తరఫోళ్లేనా?"

పొద్దుటి నుంచి తాను చేతులు జోడించింది మగపెళ్లివారికి కాదని గోపన్నకు అప్పుడు తెలిసింది. ఉగ్గాని గంగాళం ఖాళీ. పట్టు దిండ్ల నిండా బూటు గుర్తులు. అలిగే మనిషి ఎదురుగా ఉన్నాడు.

"మావోళ్లే," అన్నాడు. "మా పాపను ఎవరన్నా చిన్న మాటంటే ఓర్చుకోలేరు."

"ఓర్చుకోవద్దులే, మంచిదే."

"టిఫిను కొంచెం ఆలస్యమైతాది..."

"మాకేం వద్దప్పా. నీళ్లుంటే చాలు."

గోపన్న ప్రమీలారాణిని పక్కకు పిలిచాడు. "తల్లీ, నువ్వెవరో నాకు తెలీదు. తొమ్మిదికే ముహూర్తం. తాళి పడేదాకా పోవద్దు. మీరు యాడికి పోవాల్నో ఆడికి నేనే వ్యానులో దింపుతా."

"నువ్వు మేనేజరువు కాదా?"

"కాదు తల్లీ."

"మరి మేమేం చేయాల?"

"ఏం చేయొద్దు. కట్టెలు కనపడేట్టు నిలబడండి."

ముహూర్తానికి తాళి పడింది. పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయారు. వీరభద్ర రెండోసారి వడ్డించుకుని, కమ్మగా ఉందన్నాడు.

పెళ్లి ఆల్బంలో రెండో వరుసలో నిలబడ్డ ఆ తొమ్మిది మంది ఎవరికి ఏమవుతారని, మర్యాద కొద్దీ, ఇరువైపుల వారూ ఇప్పటికీ అడగలేదు.