రంగప్ప కొట్టం కూలిన రోజు

ఎనభైల మొదట్లో మదనపల్లె చుట్టుపక్కల ఎవరిని కదిపినా పట్టుపురుగుల మాటే. పుంగనూరు దగ్గర పల్లెలో ఉండే రైతు రంగప్ప కూడా మల్బరీ నాటాడు. పురుగులకు షెడ్డు కావాలి. ఇంటి పక్కనున్న పాత పశువుల కొట్టం తీసేస్తే తప్ప జాగా లేదు.

ఒకరోజు పొద్దున్నే మదనపల్లె నుంచి కాంట్రాక్టరు వెంకటముని కూలీలతో దిగాడు. "సాయంత్రానికి నేలమట్టం సేసి పోతానప్పా" అని మాటిచ్చాడు.

రంగప్ప తానూ పైకెక్కి పెంకులు దించసాగాడు. ఎద్దుల మెడగంటలు, ఎండుగడ్డి వాసన, ఈనిన ఆవు పక్కనే మంచం వేసుకుని పడుకునే నాన్న... ఒక్కొక్క పెంకుతో ఒక్కొక్క జ్ఞాపకం కదిలింది. దుమ్ము పడిందని కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడే రోడ్డు మీద కుప్పం బస్సు నెమ్మదించింది. "ఏమైందప్పా?" అని కండక్టరు కేకేశాడు.

"రంగప్ప కొట్టం కూలిపోతాండాది!" అన్నాడొక కూలీ. అందులో 'కొట్టం' అన్న ముక్కను బస్సు హారను మింగేసింది.

తర్వాత తెలిసిందేమంటే, ఆ మాట పుంగనూరు చేరేసరికి రంగప్ప ఇల్లు కూలింది. పలమనేరులో రంగప్ప దాని కింద పడ్డాడు. కుప్పంలో ఉన్న అక్క రామక్క చెవిన పడేసరికి రంగప్పే లేడు.

మధ్యాహ్నం వ్యాను నిండా బంధువులు దండలతో దిగారు. రామక్క గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది. సగం పెంకులు దించిన కొట్టంలోనుంచి నిలువెల్లా తెల్లటి దుమ్ముతో రంగప్ప బయటికొచ్చాడు.

"ఏమక్కా, సెప్పకుండా వచ్చినావే?"

ఏడుపులు టక్కున ఆగిపోయాయి. బావ దండను వీపు వెనక దాచుకున్నాడు. రామక్క తమ్ముడి మొహమంతా తడిమి చూసి, వీపు మీద రెండు చరిచింది. "బతికుండావా నాయనా! నిన్ను సాగనంపను వచ్చినాం కదరా!"

అంతలో ఆమె చూపు కొట్టం మీద పడింది. ఈసారి ఇంకా గట్టిగా ఏడ్చింది. "అమ్మ నన్ను కనింది ఈడనే కదరా! ఆ పొద్దు వానకు ఇల్లంతా కారతాంటే ఈ కొట్టమొక్కటే తడవలేదంట. దీన్ని కూల్చను నీకు మనసెట్ల వచ్చిందిరా?"

రంగప్ప చేతిలోని పెంకును కింద పెట్టాడు. ఆయన భార్య సుశీలమ్మే అందుకుంది. "ఈయనకూ మనసు లేదు వదినా. నిన్నట్నుంచీ ముద్ద దిగలేదు. దీన్ని కూల్చేది యాల? ఆ పురుగులు ఈడ బతకవా ఏమి?"

రంగప్ప కాంట్రాక్టరు వైపు తిరిగాడు. "వెంకటమునీ, ఆ పెంకులు మళ్ళా ఎక్కించప్పా."

"నేను కూల్చేదానికి వచ్చినోణ్ణప్పా!" అని వెంకటముని మొత్తుకున్నాడు. వినేవాళ్ళు లేరు. రంగప్పను మోయడానికి వచ్చినవాళ్ళంతా వరసగా నిలబడి పెంకులు అందించారు. చీకటి పడేలోగా కప్పు మూసుకుంది. సుశీలమ్మ రాగి సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరింది. అందరూ కొట్టంలోనే కూర్చుని తిన్నారు. పట్టుపురుగులు కూడా ఆ తర్వాత అక్కడే పెరిగాయి.

అప్పటినుంచీ వెంకటముని ఎవరు ఏది కూల్చమన్నా, ముందు వాళ్ళకు అక్కచెల్లెళ్ళు ఉన్నారేమో కనుక్కునేవాడు.