కొత్త చెయ్యని కూర

ఆ పొద్దున్న సర్వేశ్వరరావు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇంత అన్నం తినాలి, కోటు తొడుక్కోవాలి, మధ్యాహ్నం లోపల బంగళాకు వెళ్ళి ఫారెస్టు దొర చేత బదిలీ అర్జీ మీద సంతకం పెట్టించుకోవాలి. సంతకం పడితే పదిహేను రోజుల్లో విజయనగరం. పడకపోయిందా, దొర ఆ మధ్యాహ్నమే గుర్రమెక్కి ఘాటీ దిగి ఆరు నెలల సెలవు మీద సీమకు పోతున్నాడు. అంటే మరో ఆరు నెలలు ఈ అరకు కొండల్లోనే పడి ఉండాలి.

ఆరు నెలలు బతికి ఉంటానన్న నమ్మకం సర్వేశ్వరరావుకు లేదు. అడవిశాఖ కచేరీకి గుమాస్తాగా వచ్చి పద్నాలుగు నెలలైంది. ఆ పద్నాలుగు నెలలూ భయపడుతూనే గడిపాడు. మన్యం జ్వరమంటే భయం. కొండజనం లేవదీసిన పితూరీ అణిగి రెండేళ్ళు దాటినా, ఏ గుట్ట మీద డప్పు మోగినా భయం. అన్నిటినీ మించి పులి భయం. అతని పెరటి కంచె ఎక్కడ ఆగుతుందో అడవి అక్కడే మొదలవుతుంది. పోయిన వారం ఆ కంచె అవతల నుంచే పులి ఒక పెయ్యదూడను ఈడ్చుకుపోయింది. అర్జీలో మాత్రం ఆ సంగతి రాయడానికి నామోషీ వేసి, "ఇచ్చటి కొండజనమునకును నాకును పొత్తు కుదురుట లేదు" అని రాశాడు.

అతని భార్య నూకరత్నానికి ఈ భయాలేవీ లేవు. దొరసాని తోటలో కనబడిన ఒక పసుపుపచ్చ పూల మొక్క ఆమెకు నచ్చింది. పువ్వు ముదిరితే తెల్లటి నూగు బంతిలా అవుతుంది, ఊదితే గింజలు ఎగిరిపోతాయి. ఆ గింజలు కొంగున మూటగట్టి తెచ్చి, పెరట్లో మడి కట్టి చల్లింది. చలికాలానికి మడి నిండా ఆకు. ఇది తింటారా అని సైగ చేసి అడిగితే దొరసాని ఒక ఆకు తుంపి నమిలి నవ్విందట. అంతకన్నా పూచీ ఏం కావాలి? ఆ పొద్దున్నే తొలికోత కోసి పప్పులో వేసింది.

"చేదుగా ఉందేటే?" అన్నాడు సర్వేశ్వరరావు మొదటి ముద్దకే.

"చేదే మంచిది. జొరం దగ్గరికి రాదు. బేగి తినండి, దొర ఎలిపోతాడు."

జ్వరం రాదన్న మాట వినగానే అతను మారు వడ్డించుకున్నాడు. అదీ చాలక, ఒక గుప్పెడు పచ్చి ఆకు ఉప్పులో అద్దుకుని నమిలాడు. ఆమె ఇంకా తినలేదు.

సరిగ్గా అప్పుడే భీముడు వచ్చాడు. పక్క కొండగూడెం మనిషి, వీళ్ళింటికి కట్టెలు తెస్తాడు, కంచె బాగు చేస్తాడు. మోపు దించి, చేటలో ఆకు చూశాడు.

"ఇదేటమ్మా, కొత్త కూరా? కొత్త సేసినారా?"

ఆ కొండల్లో మామిడిపండు గాని, చిక్కుడుకాయ గాని, తొలికాపును ఎవరూ ఊరికే నోట పెట్టరు. ఊరంతా కలిసి దేవతకు పెట్టి, కోడిని కోసి, ఆ తర్వాతే తింటారు. దాన్నే కొత్త చెయ్యడం అంటారు.

"మాకవన్నీ లేవు భీముడూ," అంది నూకరత్నం.

"మీకు లేకపోతే మట్టికి నేదేటమ్మా? మొక్క మా కొండ మీదే గదా లేసింది."

"చెయ్యకుండా తింటే ఏటవుతుంది?" అడిగాడు సర్వేశ్వరరావు.

"ఎనకటికి ధనరాజని ఓ సావుకారు మీ కింద దేశం నుంచొచ్చినాడు బాబూ. కొత్త సెయ్యకుండా మామిడిపండు తినీసినాడు."

"తినేసి?"

భీముడు నోరు తెరిచాడు. కొండ వైపు చూశాడు. మళ్ళీ నోరు మూసేశాడు. "తప్పు తీరకుండా ఆ మాట అనకూడదు బాబూ. నాను బేగెళ్ళి దిసారిని తెత్తాను," అని గబగబా వెళ్ళిపోయాడు. దిసారి అంటే గూడేనికి మంచిచెడ్డలు చూసే పూజారి.

భీముడు ఏదైనా చెప్పి ఉంటే సర్వేశ్వరరావు కొంత కుదుటపడేవాడేమో. చెప్పకపోవడంతో ధనరాజు అతని కళ్ళముందు రకరకాలుగా చచ్చిపోవడం మొదలుపెట్టాడు. కోటు తొడుక్కోబోతుంటే పొత్తికడుపు బిగిసింది. చెంబు పట్టుకుని కంచె దాకా ఒంటేలుకు వెళ్ళొచ్చాడు. కోటు ఒక చెయ్యి తొడిగేసరికి మళ్ళీ వెళ్ళాలనిపించింది. రెండో చెయ్యి తొడిగేలోగా మరోసారి. ఒక్క పూటలో అన్నిసార్లు ఎప్పుడూ వెళ్ళలేదు. ఒంట్లో ప్రాణం నీరై కారిపోతోందని అతనికి అర్థమైపోయింది.

బంట్రోతు పైడయ్య పరుగున వెళ్ళి కాంపౌండరు అప్పలస్వామిని పిలుచుకొచ్చాడు. "బాబు ఏదో ఆకు తినీసి నీరైపోతన్నారు" అని దారి పొడవునా కనబడినవాళ్ళందరికీ చెప్పి మరీ తెచ్చాడు.

అప్పలస్వామి ఆకు వాసన చూసి, నాలుక చూసి, "విషమే. కక్కించాలి," అని తేల్చాడు. మూడు చెంబుల ఉప్పునీళ్ళు పట్టించాడు. చుక్క కూడా పైకి రాలేదు. మూడు చెంబులూ కిందికే వెళ్ళాయి.

"ఒంట్లో నీరంతా పోతంటే నిలబడతారేటి?" అని నూకరత్నం పెద్ద ముంతెడు మజ్జిగ తాగించింది. "నా సేత్తోనే వండి పెట్టాను," అని మొదటిసారిగా ఏడ్చింది. ఏ భయమూ లేని మనిషి ఏడవడం చూసి సర్వేశ్వరరావుకు మిగిలిన ఆ కాస్త ధైర్యమూ పోయింది.

నాలుగు, అయిదు, ఆరు. ప్రతిసారీ పులి తిరిగే ఆ కంచె దగ్గరికే వెళ్ళాలి. పైడయ్య కర్ర పట్టుకుని వెనక్కి తిరిగి నిలబడి, పులి రాకుండా ఇత్తడి పళ్ళెం వాయించేవాడు. ఏడోసారి కంచె అవతల పొద కదిలింది. సర్వేశ్వరరావు చెంబు వదిలేసి, పంచె చేత్తో పట్టుకుని గావుకేక పెడుతూ ఇంట్లోకి పరుగెత్తాడు. పొదలోంచి భీముడూ, ముసలి దిసారీ బయటికొచ్చారు.

దిసారి అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. "ఒక్కడే తిన్నాడు, అదే తప్పు. ఇప్పుడు ఊరంతా తినాల. అప్పుడు తప్పు అందరి మీదా తలా కొంచెం పడతాది. ఒక్కడు సావక్కర్నేదు."

ముక్కూ మొహం తెలియని తన కోసం ఊరు ఊరంతా ఆ విషం తింటుందా అని సర్వేశ్వరరావు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. మరుక్షణం సూర్యుడి వైపు చూశాడు. దొర బయల్దేరే వేళ దగ్గరపడింది. "బేగి కానివ్వండి," అని బతిమాలాడు.

నలభై మంది వచ్చారు. కత్తులతో మడి కోశారు. కోడిని కోశారు. డప్పు మోగింది. కుండల్లో ఆకు ఉడికింది. సర్వేశ్వరరావును నట్టనడుమ పీట మీద కూర్చోబెట్టి, నుదుట పసుపు పెట్టి, మెడలో పచ్చపూల దండ వేశారు. అందరూ దొప్పల్లో కూర వడ్డించుకుని చోడి అంబలితో, అదే రాగిజావతో, తిన్నారు. అతని చేత కూడా మరో దొప్పెడు తినిపించి, రెండు దొప్పల అంబలి తాగించారు.

బంగళా మెట్ల మీద దొర ఆ డప్పు విన్నాడు. కత్తులు పట్టుకుని జనం గుమాస్తా ఇంటికి పోయారని వంటవాడు చెప్పాడు. మళ్ళీ పితూరీ లేచిందనుకుని దొర తుపాకీ తీసుకుని గుర్రం మీద దౌడు తీశాడు. పెరట్లోకి వచ్చేసరికి మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఆయన తెలుగు పరీక్ష పుస్తకాలు చదివి ప్యాసైన మనిషి.

"సర్వేశ్వరరావ్! నీవు జీవించియుంటివా?"

"ప్రస్తుతానికి ఉన్నానండి," అన్నాడు సర్వేశ్వరరావు.

దొర తుపాకీ దించి, అతని మెడలోని పువ్వును, దొప్పలోని ఆకును చూశాడు. తర్వాత గుర్రం మెడ పట్టుకుని పకపకా నవ్వాడు. "ఇది డాండెలియన్! మా సీమలో దీనిని కలుపని పెరికి పారవేయుదుము. కొందరు భక్షింతురు కూడ. దీనిని భక్షించిన బాలురు పక్క తడుపుదురని దాదులు చెప్పుదురు."

సర్వేశ్వరరావుకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. విషం కాదు. శాపమూ కాదు. చావు అంతకన్నా కాదు. నూకరత్నం చెయ్యి పట్టుకుని నలుగురిలోనూ భోరుమన్నాడు. దొర మాటను పైడయ్య జనానికి విడమరిచి చెప్పాడు. నలభై మందీ నమలడం ఆపి కంచె వైపు చూశారు.

ఆ ఊపులోనే సర్వేశ్వరరావు జేబులోంచి అర్జీ తీసి దొర చేతిలో పెట్టాడు. దొర చదివాడు. కొండజనంతో పొత్తు కుదరడం లేదన్న వాక్యం దగ్గర ఆగాడు. దండ వేసుకున్న గుమాస్తానూ, అతని భుజం మీద దిసారి చెయ్యినీ, నూకరత్నం చుట్టూ చేరిన ఆడవాళ్ళనూ చూశాడు.

"నీ వినయము మెచ్చదగినది. పితూరీ పిమ్మట వీరు ఒక ఉద్యోగస్థుని ఇంట భుజించుట నేనెన్నడును చూడలేదు. నీవంటివాడు ఇచ్చటనే ఉండవలెను." కలం తీసి అర్జీ మీద, ఈ గుమాస్తాను అయిదేళ్ళ వరకు ఇక్కడి నుంచి కదపరాదని రాశాడు. కింద సంతకం పెట్టాడు. గుర్రమెక్కి సీమకు వెళ్ళిపోయాడు.

సర్వేశ్వరరావు పీట మీద నుంచే గుర్రం మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత భీముణ్ణి దగ్గరికి పిలిచాడు.

"తప్పు తీరిపోయింది గదా, ఇప్పుడైనా చెప్పు. ఆ ధనరాజు ఏమైపోయాడు?"

"ఏటైపోతాడు బాబూ? కొండ దిగలేకపోనాడు. దిగుదామన్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం. ఈ కొండల్లోనే జి.మాడుగుల కాడ ఇల్లు కట్టుకున్నాడు. ముసిలోడైపోనాడు."

"మరి ఇప్పుడు దిసారి తప్పు తీర్చాడు గదా?"

"అది పేనానికి బాబూ. కొండకి కాదు."

సర్వేశ్వరరావు పీట మీంచి లేచాడు. చెంబు అందుకుని వెళ్ళి, కంచె దగ్గర ఊరివాళ్ళ వరసలో చివర నిలబడ్డాడు.