తొంభై శాతం నమ్మకం

ఆ ఉదయం కాలేజీ క్యాంటీన్ బాబాయ్ బంగాళాదుంపలు తరిగి, తడి ఆర్చి, పొయ్యి మీద బాండీ పెట్టి, ఇక నూనె పోయడమే తరువాయి అనుకుంటుండగా ప్రిన్సిపాల్ గారు ఒక కాగితం పట్టుకుని ఊడిపడ్డారు.

"సర్వే చేయించానయ్యా! ఆరోగ్యకరమైన చిరుతిండి ఎంచుకోగలమని మన పిల్లల్లో తొంభై శాతం మంది పూర్తి నమ్మకంతో రాశారు. అలాంటి పిల్లలకి ఈ వేపుళ్లేంటి? ఇవాళ్టి నుంచి పళ్లు, కీరా ముక్కలు, ఉప్పు లేని వేరుశనగలు. రెండింటికి కమిటీ వస్తుంది. నీ కాంట్రాక్టు ఉంచాలో తీసెయ్యాలో వాళ్లే తేలుస్తారు."

బాబాయ్‌కి ఒళ్లు మండిపోయింది. పద్దెనిమిదేళ్లుగా ఆ బాండీ ఖాళీ చేస్తున్నది ఈ పిల్లలే కదా! అయినా బాండీ దించేశాడు. కాంట్రాక్టు పోతే, గేటు ఎదురుగా బేకరీ నడుపుతున్న తోడల్లుడి దగ్గర ట్రేలు మోయడమే గతి. "మా దగ్గరికొచ్చెయ్ అన్నయ్యా, కూర్చోబెట్టి జీతమిస్తా" అని ఆ మనిషి పెళ్లిళ్లలో పదిమందీ వినేలా వెటకారం చేస్తుంటాడు.

పదింటి విరామానికి పళ్లేలు సిద్ధమయ్యాయి. పిల్లలు వచ్చారు, చూశారు, మురిసిపోయారు.

"సూపర్ బాబాయ్! మంచి పీచు పదార్థం!"

"తింటే ఇవే తినాలి బాబాయ్!"

ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. ఒక్క ముక్క కదల్లేదు. బాబాయ్ కీరాలను చక్రాలుగా కోశాడు, తర్వాత పువ్వుల్లా కోశాడు. మళ్లీ ఫొటోలు తీశారు.

"ఏమండీ, వాడిపోతున్నాయి. నీళ్లు చల్లనా?" అంది భార్య.

"వాటి మీదెందుకు, నా మొహాన చల్లు!" అంటూ బాబాయ్ బయటికి నడిచాడు.

అప్పటికి ఒంటిగంటన్నర. బేకరీ ముందు కాలేజీ మొత్తం బారులు తీరి ఉంది. అందరికంటే ముందు వాలీబాల్ జట్టు పొడుగమ్మాయి పఫ్ తింటోంది.

"సర్వేలో నీ నమ్మకానికి పదికి ఎంత వేసుకున్నావమ్మా?" పళ్లు నూరుతూ అడిగాడు బాబాయ్.

"పదికి పది బాబాయ్. డౌటుంటే ఇప్పుడడుగు. ఈ పఫ్ అస్సలు మంచిది కాదు. లోపలంతా వనస్పతే" అని ఇంకో ముక్క కొరికింది.

"మరి ఎంచుకోగలమని రాసి చచ్చారుగా!"

"ఎంచుకోగలం అన్నాం బాబాయ్. ఎంచుకుంటాం అని ఎవరు రాశారు?"

గల్లా దగ్గర తోడల్లుడు కిసుక్కున నవ్వాడు. "రా అన్నయ్యా, నీకూ ఒకటివ్వనా?"

బాబాయ్ ఆవేశం కట్టలు తెంచుకుంది. "మీ నమ్మకం తగలెయ్య! తినేదొకటీ రాసేదొకటీనా? ఇంకో అరగంటలో కమిటీ వస్తుంది. ఆ పళ్లేలు అలాగే ఉంటే నా క్యాంటీన్ పోతుంది. నా పొట్ట కొట్టారు గదరా!"

పొడుగమ్మాయి పఫ్ కింద పెట్టేసింది.

"ముందే చెప్పొద్దా బాబాయ్!" అని మూతి తుడుచుకుని పరుగందుకుంది. వెనకాలే మిగతావాళ్లూ పరుగెత్తారు.

కమిటీ వచ్చేసరికి క్యాంటీన్ కిక్కిరిసి ఉంది. కీరా ముక్కల కోసం తోపులాట జరుగుతోంది. వేరుశనగలు నేల మీద పడితే ఏరుకుని మరీ తింటున్నారు.

"రోజూ ఇలాగేనా అమ్మా?" అని కమిటీ పెద్దావిడ అడిగింది.

"ఇవి లేకపోతే మాకు పూట గడవదండీ" అంది పొడుగమ్మాయి, నోటినిండా కీరాతో.

ఆవిడ అక్కడికక్కడే కాంట్రాక్టు ఐదేళ్లకు పొడిగించింది. ఒక్కటే షరతు పెట్టింది. ఈ ఐదేళ్లలో ఏనాడు బాండీ పొయ్యెక్కినా కాంట్రాక్టు రద్దు.

పిల్లలు ఈలలు వేసి, బాబాయ్‌ని భుజాల మీదికెత్తి దింపి, కీరాతో కడుపు నిండక తిన్నగా బేకరీకి వెళ్లిపోయారు. కిటికీలోంచి బాబాయ్‌కి ఆ వరుస కనిపించింది. ఇందాకటికంటే పొడవుగా ఉంది. అవతల గల్లా దగ్గర్నుంచి తోడల్లుడు లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

సంతకం పెడుతుంటే బాబాయ్ కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. అవి ఆనందబాష్పాలని కమిటీ రిపోర్టులో రాసుకుంది.